ముప్పై రెండో పేజీలో ఒక లైను

మళ్ళీ తీసేశాడండీ. ఇది నాలుగోసారి. నేను రాసింది ఒక్కటంటే ఒక్క వాక్యం, అది కూడా కళ్ళద్దాలు తుడుచుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టింది. లైబ్రరీ మెట్లు దిగక ముందే మాయం.

ఆ కుర్చీ కాలు కాసేపు పక్కన పెట్టి వినండి. మీ గురించే చెబుతున్నాను.

ఎవరా? ఇంకెవరు, ఆ చీపురాయన. నేను పెట్టుకున్న పేరులెండి. ఎక్కడ కూర్చుని ఊడుస్తాడో నాకేం తెలుసు? ఆ ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అని లైబ్రరీ అమ్మాయి కంప్యూటర్ క్లాసులో మొదటిరోజే చెప్పింది. ముప్పై నాలుగేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినదాన్ని కదా, ఇది నాకు నల్లేరు మీద నడక అనుకున్నాను. ఎవరైనా దిద్దొచ్చు అంటే నన్ను కూడా ఎవరైనా దిద్దొచ్చని అప్పుడు తట్టలేదు.

మొదటి వారం బాగానే గడిచింది. కామాలు సరిచేశాను. క్రియ లేని వాక్యాలకి క్రియ పెట్టాను. చీపురాయన ధన్యవాదాలు కూడా చెప్పాడు. రెండో వారం మన కాలువ మీది నడక వంతెన పేజీ కనబడింది. చదివితే ఒళ్ళు మండింది. వంపు ఆలోచన ఇంజనీరు గారిదట. ఆ ఇంజనీరు గారు గీసింది తిన్నని వంతెన. దాని కింద పడవ పట్టదని చెప్పి, మన వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో వంపు గీసింది మీరు. అది చెరగకుండా వారం రోజులు నేను గోడవారగా నడిచి వంట చేశాను. నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

పైగా వచ్చే నెల వంతెనకి రంగులేసి పలక పెడతారట. ఆ పేజీలో ఏముంటే అదే పలక మీద చెక్కుతారట. అందుకే ఇంత ఆత్రం.

మీ పేరు పెట్టి, వంపు ఆలోచనా, వెల్డింగూ ఈయనవే అని రాశాను. పది నిమిషాల్లో తీసేసి, ఆధారం ఏది అని అడిగాడు. చర్చ పేజీ అని ఒకటుంటుంది, గొడవలన్నీ అక్కడే పడాలి. అక్కడికెళ్ళి, ఆధారం నేనే, ఆయన భార్యని అని రాశాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని. సొంతవాళ్ళ గురించి రాయకూడదట, పక్షపాతమట. నలభై ఆరేళ్ళ కాపురంలో మీ పక్షం నేనెప్పుడు వహించానో ఆయనే చెప్పాలి.

కళ్ళతో చూసింది పనికిరాదట, అచ్చులో ఉండాలట. సుద్దగీత ఎక్కడ అచ్చయిందండీ? తడిగుడ్డ పెట్టి నేనే తుడిచాను.

నవ్వకండి. అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

ఇవాళ ఆయనే ఒక ఆధారం పెట్టాడు. ఏదనుకున్నారు? వంతెన ప్రారంభోత్సవానికి వేసిన సంచిక. మా ప్రెస్సులో వేసిందే. కృతజ్ఞతల పేర్లున్న ముప్పై రెండో పేజీ ఫోటో పెట్టి, ఇందులో మీరు చెప్పే వెల్డరు ఎక్కడా లేడు అన్నాడు. అక్కడితో ఊరుకున్నాడా? పేజీ అడుగున ప్రూఫులు చూసినవారు అని నా పేరుంది కదా, అది చూపించి, అనుభవమున్న ప్రూఫ్ రీడరు చూసిన పుస్తకం కాబట్టి పొరపాటు ఉండే అవకాశం తక్కువ అని రాశాడు. ఆ ప్రూఫ్ రీడరూ, ఈ భార్యా ఒకరేనని ఆయనకేం తెలుసు.

మీరూ అడిగారు ఒకసారి, గుర్తుందా? పుస్తకం తెచ్చిస్తే అటూ ఇటూ తిప్పి, నా పేరు వేస్తామన్నారే అని. ఇంజనీరు గారి ఆఫీసు వాళ్ళు కొట్టేశారన్నాను. ఇక ముప్పై ఏళ్ళుగా వంతెన ఎక్కినప్పుడల్లా అదే పాట మీకు. కలం పట్టుకున్న చేతకాని శాల్తీ ఎవరో అని మొదలుపెడతారు. నేనూ గొంతు కలిపేదాన్ని. ఆ కొట్టేసిన చేతులు పడిపోను అని కూడా అన్నానొకసారి.

ఆఫీసు వాళ్ళు కొట్టేయలేదండీ. నేనే కొట్టేశాను.

చెప్పనివ్వండి. ముప్పై రెండు పేజీలూ నిండిపోయి ఒక్క లైను మిగిలింది. ఒక్క లైను కోసం ఇంకో పేజీ వేయరు. అలాంటప్పుడు ఎక్కడో ఓ లైను కొట్టేసి సర్దడం మా పని. ఏ లైను అనేది ఎవరూ నేర్పరు, చేస్తుంటే తెలుస్తుంది. ఎవరొచ్చి అడగరో వాళ్ళది కొట్టేయాలి. ఇంజనీరు గారు అడుగుతారు. కుర్చీలు సరఫరా చేసినాయన కూడా అడుగుతాడు. మీరు అడగరు. మొగుడి పేరు ఉంచుకుని ఇంకొకరిది తీసిందంటారేమోనన్న భయం ఒకటి. ఎర్ర సిరాతో ఒక్క గీత పెట్టాను. నా పేరున్న లైను దాని కిందే ఉంది. దాని జోలికి మాత్రం చెయ్యి పోలేదు.

ఇవాళ చీపురాయనకి ఇదంతా రాయబోయాను. రాసి నేనే చెరిపేశాను. ఒప్పుకున్నా లెక్కలోకి రాదు, అదీ అచ్చులో లేదు కదా. అయినా ముందు చెప్పాల్సింది ఆయనకి కాదు. నాకు చాలా సిగ్గుగా ఉందండీ.



ఏంటి, మీకు ముందే తెలుసా?

ఎప్పటినుంచి? మా ప్రెస్సులో కటింగ్ మిషన్ కాలు విరిగితే అతకడానికి వచ్చారే, ఆ రోజా? అవును, పాత ప్రూఫులు నా బల్ల పక్కన మేకుకే గుచ్చి ఉండేవి. మీ పేరు మీది ఎర్రగీత నాదేనని గుర్తుపట్టారన్నమాట.

అంటే పుస్తకం వచ్చిన నెలకే తెలుసు. మరి ఇన్నేళ్ళూ ఆ ఆఫీసు వాళ్ళని...

ఓహో.

ఆ తిట్లన్నీ నాకా? నా పక్కనే నడుస్తూ, నా చేతే ఊ కొట్టిస్తూ. చేతులు పడిపోను అన్న రోజు దగ్గొచ్చినట్టు అటు తిరిగారు. అది దగ్గు కాదన్నమాట.

సరే, ఇద్దరికిద్దరం సరిపోయాం. పలక మీద ఎలాగూ ఇంజనీరు గారే ఉంటారు. ఆ కుర్చీ కాలు ఇటివ్వండి, నేను పట్టుకుంటాను, మీరు బిగించండి. అయ్యాక వంతెన దాకా నడిచొద్దాం. ఈసారి తిట్టేటప్పుడు మాత్రం పేరు పెట్టి తిట్టండి.