బాగుచేసి పాడుచేసిన పడవ

అది కాదండీ, బాగున్న పడవని ఎవరు బాగుచేయమన్నారు మిమ్మల్ని?

ముందే చెప్తున్నా, నేనెప్పుడూ ఏదీ రాసిన మనిషిని కాను. చదివింది ఐదో క్లాసు. ఇంట్లో సరుకుల చీటీ కూడా మా ఆయనే రాస్తాడు. మీ ఆటలో "సహాయం కావాలా?" అని ఒక గడి ఉంది చూడండి, అందులో రాస్తున్నా. తప్పులుంటే ఏమనుకోకండి.

నేను బట్టలు కుట్టే షాపులో కాజాలు కుడతాను. మీ చేపల ఆట నా ఫోన్లో పెట్టింది మా ఆడపడుచు. ఆటలో నాకు పేరూ తనే పెట్టింది, "పెద్దపులి" అని. నలుగురిలో నోరు విప్పలేనిదాన్ని కదా, వెక్కిరింత! అందరూ "పులిగారూ, అన్నం తిన్నారా?" అని రాస్తుంటే మొదట్లో చచ్చేంత సిగ్గేసింది. తర్వాత... అబద్ధమెందుకు, బాగుండేది.

పాత ఆటలో పట్టిన చేపలు అమ్ముకోవాలంటే రేవులో పడవెక్కి అవతలి ఒడ్డుకి పోవాలి. ఆ పడవ ఒక పట్టాన వచ్చేదా? బియ్యం కడిగి ఎసట్లో పోసొచ్చినా వచ్చేది కాదు. అందరం గంపలు పట్టుకుని నిలబడేవాళ్ళం. ఊరికే నిలబడి ఏం చేస్తాం? కబుర్లు రాసుకునేవాళ్ళం.

"లేని చేపలు, లేని పడవ! ఉన్న కూర మాడిపోతోంది, అది చూసుకో" అనేవాడు మా ఆయన. అననీండి.

అక్కడే నిద్రమొహం గారు పరిచయమయ్యారు. అయ్యో, తిట్టడం లేదండీ, ఆవిడ పెట్టుకున్న పేరే అది! అసలు పేరు ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆవిడకి ఎక్కడైనా పనిలో చేరాలని ఉంది. అత్తగారితో చెప్పాలంటే వణుకు. ఎలా చెప్పాలో నేను నేర్పాను. నేనండీ, నేను! "ముందు కాఫీ ఇవ్వండి. కాఫీ నోట్లో ఉండగా గబుక్కున చెప్పేయండి, అడ్డు చెప్పలేరు" అన్నాను.

"రేపే చెప్పేస్తా పులిగారూ. సాయంత్రం రేవులో కలుద్దాం" అన్నారు.

ఆ రేపే మీరు పాత ఆట మార్చేసి కొత్తది దించారు.

ఇప్పుడు రేవులో కాలు పెట్టీ పెట్టగానే పడవ. ఎక్కామో లేదో అవతలి ఒడ్డు. ఎవరొచ్చారో, ఎవరు పోయారో! పైగా మాటలు రాసుకునే చోట బొమ్మలు పెట్టారు. నవ్వు మొహం, ఏడుపు మొహం, బొటనవేలు. "మీ అత్తగారు ఏమన్నారు?" అని అడగడానికి ఏ వేలు చూపించనండీ?

ఇక్కడిదాకా రాసి పంపానో లేదో, ఇదిగో, మీ జవాబొచ్చింది. పడవ వేగం పెంచమని చాలామంది కోరారా? పాపం, వాళ్ళ కోసం రేవులో ఎవరూ ఎదురుచూడరేమో.

మళ్ళీ ఇదొకటా? సమస్య తీరితే నక్షత్రాలివ్వాలా? ఇస్తా, ఇస్తా.

పాత ఆట మొత్తం తెచ్చిపెట్టమనను. ఆ బొమ్మలు తీసేసి, సాయంత్రం పూట కాసేపు పడవని చెడగొట్టండి, చాలు. నా మాట విని ఆవిడ కాఫీ ఇచ్చిందో ఏమో! ఇల్లు రణరంగమైందో, ఉద్యోగమే వచ్చిందో! నాకు తెలియొద్దూ?

నిన్న ఇంతవరకు రాశాక కూర మాడింది. ఇవాళ పొద్దున జరిగింది కూడా రాసేస్తా.

బస్టాపులో రోజూ నా పక్కన నీలం గొడుగావిడ నిలబడుతుంది. ఏళ్ళ తరబడి చూస్తున్నా, ఒక్క మాట లేదు. ఇవాళ ఏం పూనిందో, "అన్నం తిన్నారా?" అనేశాను. అంత పొద్దున్నే!

ఆవిడ తెల్లబోయింది. తర్వాత గొడుగు మూసి, "తిన్నావా అని నన్నడిగేదెవరండీ..." అని మొదలెట్టింది.

సరిగ్గా అప్పుడే వచ్చిందండీ బస్సు. ఎన్నడూ లేనిది, టైముకి! మీవాళ్ళే బాగుచేసుంటారు.

ఆవిడ నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. ఇద్దరం ఎక్కలేదు.

షాపుకెళ్తే ఓనరు గుడ్లురిమాడు. ఇంత ఆలస్యమేంటని అడిగాడు. రోజూ అయితే తల వంచుకుని మిషను దగ్గరికి పోయేదాన్ని.

"పడవ రాలేదండీ" అన్నాను.