కొండ కింద చప్పట్లు

ఒక్క టీచరు కోసమని బళ్లో టీచర్లందరూ కొండెక్కడం మానుకున్నారనుకోండి. ఆ ఒక్కరికీ సంతోషంగా ఉంటుందా, ఉండదా? చెప్పండర్రా. తొందరేం లేదు, ఆలోచించే చెప్పండి.

ఉంటుందని తలూపేశావు కదూ, చిన్నోడా. మీ అక్కా అదే అనుకుంటోంది. అందుకే పొద్దున్నుంచీ ఆ ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఆఫీసు గ్రూపులో పెట్టడానికి ఏం రాశావమ్మా, మళ్లీ చదువు. నా పక్కసీటు ఆయనకి చెవి సరిగ్గా వినపడదు కాబట్టి, ఆయన కోసం ఈసారి ఆఫీసు పార్టీలో పాటలూ ఆటలూ రద్దు, అందరూ సహకరించగలరు. అంతే కదా? పంపలేదుగా ఇంకా?

సరే, ఆ ఫోన్ బోర్లించి పెట్టు. మంచి బుద్ధితోనే రాశావు, కాదనను. అలాంటి మంచి బుద్ధే ఇంకోటి గుర్తొచ్చి, ఆరేస్తున్న బట్టలు వదిలేసి వచ్చాను.

నేను పాఠాలు చెప్పిన బళ్లో డ్రాయింగు టీచరుండేది. చిన్నప్పుడే ఒక కాలు సన్నబడిపోయింది, చంకలో కర్ర. కానీ ఆ నోరుందే, అబ్బో. పెద్ద మేడంకి లాంగ్ బెల్ అని పేరు పెట్టింది, ఆవిడ గుమ్మంలో కనబడితే స్టాఫ్ రూము ఖాళీ అయిపోతుందని. డ్రిల్లు మాస్టారి పొట్ట చూపించి భూగోళం పాఠం చెప్పొచ్చనేది, ఆయన మొహం మీదే. ఆయన పడీ పడీ నవ్వేవాడు.

ఏటా స్టాఫంతా బస్సు మాట్లాడుకుని ఓ కొండకి వెళ్లేవాళ్లం. అందరూ పైకెక్కితే ఆవిడ కింద బెంచీ మీద కూర్చునేది. ఊరికే కూర్చునేదా? మేం రొప్పుతూ దిగుతుంటే ఒక్కొక్కళ్ల బొమ్మా గీసి పెట్టేది. నాలుక బయటపెట్టిన లెక్కల మాస్టారు, చెప్పులు చేత్తో పట్టుకున్న పెద్ద మేడం. ఆ బొమ్మల కోసమే గబగబా దిగేవాళ్లం.

మరి ఆవిడకి లోటే లేదా అంటే, ఎందుకుండదు? భోజనాలు. క్యారియర్లన్నీ పైకి మోసుకుపోయి పైనే తినేసేవాళ్లం. కింద బస్సు పక్కన ఆవిడ ఒక్కతే డబ్బా విప్పుకునేది. దిగొచ్చాక తిందామర్రా, అందాకా నా కడుపుకి నేను సర్దిచెప్పుకుంటాలే అని ఒకటి రెండుసార్లు అంది కూడా. నవ్వుతూ అంది కదా, నవ్వేసి ఊరుకున్నాం.

ఓ ఏడు పెద్ద మేడం స్టాఫ్ రూములో నిలబడి చెప్పేసింది, ఈసారి మన డ్రాయింగు టీచరు కోసం కొండ మానేసి కింద పార్కులోనే గడుపుదామని. ఆవిడని ముందు అడిగారా? లేదు. అడిగితే బాధపడుతుందేమోనని అడగలేదట.

బస్సు దిగేటప్పుడు జరిగింది అసలు సంగతి. బళ్లో మాకో అలవాటుంటుంది చూడండి, బెరుకు పిల్లాడు బోర్డు దగ్గరికొచ్చి లెక్క సగం చేసినా చాలు, క్లాసందరి చేతా చప్పట్లు కొట్టిస్తాం. ఆవిడ కర్ర కింద ఆనించి మెట్టు దిగిందో లేదో, ఎవరో మొదలుపెట్టారు. ఇంకేముంది, అందరూ చప్పట్లే. బస్సు దగ్గర్నుంచి బెంచీ దాకా. అంత పెద్ద మనిషికి.

ఆ తర్వాత ఒక్కొక్కరూ వచ్చి పక్కన కూర్చోవడం, మాకేం కష్టం లేదండీ, కొండ ఎక్కడికి పోతుంది అనడం. ఆవిడ థాంక్స్ చెప్పడం. రోజంతా ఆవిడకి అదే ఉద్యోగం. కొండ వైపు చూస్తున్నవాళ్లు ఆవిడ చూడగానే తల తిప్పేసుకోవడం. బొమ్మల పుస్తకం సంచీలోనే ఉండిపోయింది. ఎవర్ని గీస్తుంది? ఎవరూ రొప్పట్లేదుగా.

భోజనాలు అందరూ కలిసి కిందే తిన్నారు. అప్పట్లో ఆవిడ అడిగిందదే. ఆవిడ డబ్బా సగమైనా ఖాళీ కాలేదు. ఏమండీ, ఈరోజు జోకుల్లేవా అని డ్రిల్లు మాస్టారు అడిగితే, అప్పుడంది:

"కింద కూర్చోవడం నాకు అలవాటే మాస్టారూ. ఇంతమందిని కూర్చోబెట్టుకోవడమే అలవాటు లేదు."

జోకనుకుని నవ్వబోయారు. ఎవరికీ నవ్వు రాలేదు.

మర్నాటి నుంచి లాంగ్ బెల్ లేదు, భూగోళం లేదు. అందరూ మేడం గారే, మాస్టారు గారే. బాకీ పడ్డ మనిషిలా మాట్లాడేది. మరుసటేడు ఇంట్లో పనుందండీ అంది, ఎంతో మర్యాదగా. అందరూ అయ్యో అన్నారు, కొండెక్కారు. కొండమీద తీయించుకున్న ఫోటో స్టాఫ్ రూము గోడకి తగిలించారు. రిటైరయ్యేదాకా ఆవిడ దాని కింద కుర్చీలోనే కూర్చుని పిల్లల బొమ్మలు దిద్దుకుంది. కొత్తగా చేరినవాళ్లు ఫోటోలో ఆవిడ లేదేమని అడిగితే, పిలిచాం, ఆవిడే రాలేదు అనేవాళ్లు. అబద్ధమా అది? కాదే.

అలా చూడకు తల్లీ. పాటలు పెట్టమనీ, మానెయ్యమనీ నేను చెప్పను. ఆయన సంగతి నాకేం తెలుసు? నీకు తెలుసా, పక్కసీటులోనే ఉంటావుగా?

ఏంటీ, అడిగితే బాధపడతాడేమోనా? మా పెద్ద మేడమూ అచ్చం ఇదే మాటంది.

సరేలే. ఫోన్ నీది, వేలు నీది. జరగండర్రా, బకెట్లో దుప్పటి పిండకుండా వదిలేసి వచ్చాను, ఇంకాసేపైతే వాసనేస్తుంది.