ఆరో మంచం పేషెంటు

అదేమిటి మేడం గారూ, అత్త చెప్పింది సాక్ష్యం కాదంటారేమిటి? కోడల్ని కాపాడ్డానికి అత్త అబద్ధం చెప్తుందని మీ రూల్సు రాసినాయన అనుకున్నాడా? పాపం, ఆయనకి పెళ్ళి కాలేదేమో!

కూర్చుంటానండీ. కూర్చునే చెప్తాను. నర్సుల కౌన్సిల్ ఆఫీసంటే ఏదో పెద్ద మేడ అనుకుని వచ్చాను. మీ కుర్చీకి ఒక కాలు పొట్టి, ఫ్యానుకి ఒక రెక్క వంకర. సరే, నాకెందుకు.

ముందే చెప్తున్నాను, మా కోడలు మంచిదని చెప్పడానికి నేను రాలేదు. అంత మాట నా నోట రాదు. చేతులు కడిగిందే కడిగి సబ్బులన్నీ అరగదీస్తుంది. ఫ్రిజ్‌లో గిన్నె పెడితే దానిమీద తేదీ రాసి అంటిస్తుంది. మొన్న మధ్యాహ్నం కాస్త కునుకు తీసి కళ్ళు తెరిస్తే, నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది. ఊపిరి ఆడుతోందా లేదా అని!

మా అబ్బాయా? వాడికేం. ఫోన్లు రిపేరు చేసుకుంటాడు. ఏదడిగినా "చూద్దాం" అంటాడు. పుట్టినప్పుడు కూడా వెంటనే ఏడవలేదు వాడు. చూద్దాం అనే అనుకుని ఉంటాడు.

ఏమిటీ? విషయానికి రావాలా? విషయంలోనే ఉన్నాను కదండీ.

ఆస్పత్రివాళ్ళు మీకు రాసిందేమిటి? మా కోడలు నోటీసివ్వకుండా, డ్యూటీ మధ్యలో, పేషెంట్లని గాలికొదిలేసి పోయిందని. దానివల్ల ఆరో మంచం మీది పెద్దావిడకి ప్రాణం మీదకొచ్చిందని. అందుకని లైసెన్సు తీసేయమని. అంతేనా? అది పోతే ఇక ఎక్కడా నర్సుగా నిలబడ్డానికి లేదు. అవునా?

ఆ లైసెన్సు సంగతి నాకు తెలుసమ్మా. మా ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు పెట్టెలో చీరలన్నీ అడుగున కుక్కి, దాన్ని పైన పరుచుకుని తెచ్చుకుంది. చీరలు నలిగితే నలిగాయి, అది నలగకూడదు. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్లతో కష్టమని.

ఆ పెద్దావిడ ఎవరని మీరు అడిగారట. ఆవిడకి జబ్బే లేదని రాసిందట. మరి ఎవరూ అంటే చెప్పనందట. రెండోసారి అడిగినా అదే మాటట. ఈ వారంలో చెప్పకపోతే ఆస్పత్రివాళ్ళ మాటే నమ్ముతామన్నారట మీరు.

నమ్మకండి. ఆ పెద్దావిడని నేనే.

మంచినీళ్ళు తాగండి మేడం గారూ. తొందరేం లేదు. ప్రాణం మీదకొచ్చిన నేనే ఇంత నిదానంగా ఉన్నాను.

ఎలాగంటారా? ఆ ఆస్పత్రి వార్డుబాయ్ మా వెనక సందులోనే ఉంటాడు. పొడుగ్గా ఉంటాడని నిచ్చెన అంటాం. వాడొచ్చి, "పెద్దమ్మా, రేపు మా ఆస్పత్రికి తనిఖీవాళ్ళొస్తున్నారు. మంచాలు నిండుగా కనపడాలి, లేకపోతే పర్మిషన్ పొడిగించరు. ఊరికే పడుకోవడమే. ఏసీ ఉంటుంది, భోజనం పెడతారు," అన్నాడు. ఎండలు మండిపోతున్నాయి. మా వీధిలో సగం మందికి అప్పటికప్పుడే ఒంట్లో బాగోలేదు.

టైలరు వస్తానన్నాడు. ఎదురింటావిడ వస్తానంది, కొత్త చీర కట్టుకుని మరీ వచ్చింది. రిటైరైన లెక్కల మాస్టారు మాత్రం జబ్బు నచ్చితేనే వస్తానని పేచీ. అజీర్తి అన్నారట. తన హోదాకి అది తక్కువని, గుండెజబ్బు ఇప్పించుకున్నాడు.

నేనెందుకు వెళ్ళానా? భోజనానికి కాదండీ, ఒట్టు. మా కోడలు అక్కడ రెండేళ్ళుగా పనిచేస్తూ ఇంటికొచ్చి ఒక్క ముక్క చెప్పదు! ఎవరికేం జబ్బు, ఎవర్ని చూడ్డానికి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు... ఊహూఁ. "పేషెంట్ల సంగతి బయట చెప్పకూడదు అత్తయ్యా," అంటుంది. నేను బయటా? ఇంట్లో మనిషిని బయట చేసేసింది! అంత సరుకు రోజూ గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకపోతే నా ప్రాణం ఎలా ఊరుకుంటుంది చెప్పండి?

ఆ రోజు ఆ పిల్లకి సెలవు. ఇదే అదననుకున్నాను. చెల్లెలింటికి వెళ్తున్నానని చెప్పి బయల్దేరాను.

సెలవులో ఉన్న నర్సులందర్నీ ఫోన్ చేసి పిలిపిస్తారని నాకేమైనా కలొచ్చిందా?

అబ్బ, ఆ వార్డు చూడాలి మీరు. తలగడలకి ధర చీటీలు ఇంకా వేలాడుతున్నాయి. వెనక వరండాలో తాడు మీద రబ్బరు చేతి తొడుగులు ఉతికి ఆరేశారు. ఒక్కసారి వాడి పారేయాలట కదా అవి? గాలికి ఊగుతూ అందరికీ టాటా చెప్తున్నాయి. మా కోడలు సబ్బు ఎందుకు అరగదీస్తుందో అప్పుడర్థమైంది.

నన్ను ఆరో మంచం మీద పడుకోబెట్టారు. మంచానికి తగిలించిన చార్టులో ఎవరి పేరో ఉంది. జబ్బు ఊపిరితిత్తుల్లో నిమ్మట. నాకు నిమ్మేమిటండీ! నేను గుమ్మంలో నిలబడి పిలిస్తే వీధి చివర ఆటో ఆగుతుంది. టైలరుకి ఆయాసం ఇచ్చారు. వాడు ఎంత బాగా రొప్పాడంటే, నిజం పేషెంటు ఒకాయన లేచొచ్చి తన నీళ్ళు వాడికిచ్చాడు. మాస్టారు గుండె పట్టుకుని మూలిగాడు గానీ, పట్టుకున్నది కుడివైపు.

నిజం పేషెంట్లు ముగ్గురే, ఆ వార్డు మొత్తానికి.

అప్పుడొచ్చింది మా కోడలు. చూడగానే దుప్పటి నెత్తిమీదకి లాక్కున్నాను. సందులోంచి చూస్తున్నాను. ఒక్కో మంచం దగ్గరా ఆగుతోంది. టైలరు రొప్పడం ఆపేశాడు. మాస్టారి చెయ్యి తీసి ఎడమవైపు పెట్టి, "ఇక్కడుంటుంది మాస్టారూ," అంది. నవ్వలేదు. ఆ పిల్ల నవ్వదు, అదొకటి.

నా దగ్గరికొచ్చింది. దుప్పటి తీయలేదు. కిందనుంచి నా చెయ్యి బయటికి లాగి నాడి పట్టుకుంది. గడియారం చూస్తూ చాలాసేపు నిలబడింది. మా ఇంటికొచ్చాక నా చెయ్యి అంతసేపు పట్టుకోవడం అదే మొదలు. అప్పుడు దుప్పటి కాస్త దించింది. కళ్ళూ కళ్ళూ కలిశాయి.

అరుస్తుందనుకున్నాను. నేనైతే మూడు వీధులు వినేట్టు అరిచేదాన్ని. ఆ పిల్ల మళ్ళీ నెమ్మదిగా దుప్పటి కప్పేసింది.

ఇంతలో మేనేజరు వచ్చాడు. మనిషికంటే ముందు సెంటు వాసన వచ్చిందనుకోండి. "ఇంకా సెలైన్లు పెట్టలేదేం? సెలైన్ లేకపోతే పేషెంటులా ఎవరు కనపడతారు? అందరికీ సూదులు గుచ్చు. పొద్దున్నించీ మందులిచ్చినట్టు చార్టుల్లో రాసి సంతకాలు పెట్టు," అన్నాడు.

"జబ్బు లేని మనిషికి సూది గుచ్చను సార్. ఇవ్వని మందు ఇచ్చానని రాయను," అంది.

"రాయమంటున్నది నేను. నీకేం భయం?"

"రాయమన్నది మీరే. సంతకం నాది, దాని పక్కన రిజిస్ట్రేషన్ నంబరు నాది. రేపు ఎవరైనా తీసి చూస్తే అందులో మీ సెంటు వాసన రాదు సార్, నా పేరే కనపడుతుంది."

సెంటు మాట నేను కలిపాను లెండి, అది రాసుకోకండి. మిగతాదంతా ఆ పిల్లదే.

ఆయన మొహం కందగడ్డ అయింది. "నువ్వు కాకపోతే ఆయా గుచ్చుతుంది," అన్నాడు. ఆ ఆయాకి అప్పటికే నర్సు బట్టలు తొడిగేశారు. పాపం, గుండీలు పట్టలేదు. సూదిని చీపురు పట్టుకున్నట్టు పట్టుకుంది. అలా పట్టుకునే నా మంచం వైపు వచ్చింది. అదిగో, అప్పుడు నేను నిజంగా పేషెంటునయ్యాను.

మా కోడలు అడ్డం వచ్చి నిలబడింది. "ఈ మంచం మీద ఎవరూ చెయ్యి వేయరు," అంది. ఆ గొంతు ఇంట్లో ఎప్పుడూ వినలేదండీ. విని ఉంటే ఇన్నాళ్ళూ ఇంకాస్త జాగ్రత్తగా ఉండేదాన్ని.

"నేను ఉద్యోగం మానేస్తున్నాను సార్. ఇప్పుడే," అంది.

"నెల ముందు నోటీసివ్వకుండా గడప దాటావంటే నీ లైసెన్సు పీకిస్తా!"

ఇక్కడ చెవి పెట్టి వినండి మేడం గారూ. చెప్పి చక్కా పోయిందా? పోలేదు. "నోటీసు మీకివ్వాలి, ఇవ్వలేదు. దానికి నా జీతం పట్టుకోండి. పేషెంట్లని ఇంకొకరికి అప్పగించకుండా పోతే అప్పుడు నా లైసెన్సు పోవాలి. ఆ పని చేయను," అని, హెడ్ నర్సుని పిలిచింది.

ఆవిణ్ణి వెంటబెట్టుకుని మంచం మంచానికీ తిరిగింది. వెనక మేనేజరు తిట్లు. మా కోడలి ధోరణి మా కోడలిది. "ఈ బాబాయిగారికి ఆపరేషన్ అయింది, కట్టు మార్చాను, సాయంత్రం మళ్ళీ చూడండి. ఈ అక్కకి జ్వరం, ఫలానా మందు పడదు, దద్దుర్లొస్తాయి. ఈ తాతగారికి చెముడు, కుడిచెవి దగ్గర చెప్పండి." ఒక్కొక్కరికీ హెడ్ నర్సుని చూపించి, "ఇకనుంచి ఈవిడ చూసుకుంటారు," అని చెప్పింది. హెడ్ నర్సు ఏడుస్తూనే తలాడించింది.

అలా తిరిగి తిరిగి నా దగ్గరికొచ్చారు.

"ఆరో మంచం. ఈవిడకి నిమ్ము లేదు. సూదులేమీ వద్దు. బీపీ ఉంది. పొద్దున టిఫినయ్యాక వేసుకోవాల్సిన మాత్ర ఇంట్లో మర్చిపోయి వచ్చారు. అది ఇచ్చి ఇంటికి పంపేయండి," అంది.

"నీకెలా తెలుసు?" అంది హెడ్ నర్సు.

"నాడి చూశాను," అంది.

నాడి చూస్తే మాత్ర మర్చిపోయిన సంగతి తెలుస్తుందా అమ్మా? మీరు చదువుకున్నవాళ్ళు, మీరే చెప్పండి. అంత ఏసీలోనూ దుప్పటి కింద నాకు చెమట పట్టింది. కళ్ళకి కూడా పట్టింది.

ఆ పిల్ల వెళ్ళింది. నాకు మాత్ర ఇచ్చారు. వేసుకుని, చెప్పులు వెతుక్కుని, భోజనం పొట్లం చంకలో పెట్టుకుని నేనూ బయటపడ్డాను. ప్రాణం మీదకొచ్చిన మనిషి ఆటో దొరక్క నడిచొచ్చింది! తర్వాత నిచ్చెన చెప్పాడు, తనిఖీవాళ్ళు వచ్చేసరికి ఆరో మంచానికి చార్టు ఉందట, మనిషి లేదట. ఏమైందంటే మేనేజరు ఏం చెప్తాడు? "నర్సు వదిలేసి పోయింది, పేషెంటుకి విషమించింది, పెద్దాస్పత్రికి పంపాం" అని నోటికొచ్చింది అనేశాడు. అన్నాక దాన్ని నిజం చేయాలి కదా, అందుకని మీకు రాశాడు. వాడు పంపిన పేషెంటు ఎవరి అత్తో వాడికి తెలీదు. అంత దురదృష్టవంతుణ్ణి నేను చూడలేదు.

ఇంటికెళ్ళేసరికి మా కోడలు ముందే వచ్చి ఉంది. "పిన్నిగారు బాగున్నారా అత్తయ్యా?" అంది.

"బాగుంది," అన్నాను.

అంతే. ఇవాళ్టి దాకా ఆ మాట తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కాకపోతే రోజూ నా కంచం పక్కన మాత్ర పెట్టి, నేను మింగేదాకా నిలబడుతోంది.

నిన్న మీవాళ్ళు ఫోన్ చేసినప్పుడు తలుపు వెనక నిలబడి విన్నాను. అనుకోకుండా కాదు, కావాలనే. "ఆవిడ వివరాలు చెప్పలేనండీ," అంటోంది. నేను పేషెంటునే కానప్పుడు నా వివరాలేమిటి, దాచడమేమిటి? నాకు తెలీదా, ఎందుకు దాస్తోందో! దొంగ పేషెంటుగా పడుకుని కోడలి చేతికే దొరికిపోయానని తెలిస్తే వీధిలో నా తల ఎత్తుకోనివ్వరని. మా అబ్బాయితో చెప్తే "చూద్దాం" అన్నాడు. వాడు చూస్తూ కూర్చుంటే లైసెన్సు పోతుందని నేనే వచ్చాను. చెల్లెలింటికి వెళ్తున్నానని చెప్పే వచ్చాను.

రాసుకోండి, నా అసలు పేరే రాసుకోండి. హెడ్ నర్సుని అడుగుతారా? అడగండి. ఉద్యోగం పోతుందని భయపడుతుంది గానీ అబద్ధమాడదు, ఏడుస్తూ నిజమే చెప్తుంది. దొంగ పేషెంటుగా పడుకున్నందుకు నన్నూ అడుగుతారా? అడగండి. టైలరునీ మాస్టారునీ కూడా అడగండి మరి, నేనొక్కదాన్నే ఎందుకు?

మా కోడలి లైసెన్సు ఉంటుంది కదా? తలాడిస్తే కాదు, నోటితో చెప్పండి.

ఆఁ. అదీ.

ఏమిటీ? నేను చెప్పిందంతా విచారణలో అందరి ముందూ చదువుతారా? ఎవరైనా వచ్చి వినొచ్చా?

అయితే మా వీధంతా వస్తుంది. ఎదురింటావిడ అందరికంటే ముందొచ్చి మొదటి వరసలో కూర్చుంటుంది. ఇన్నాళ్ళూ ఎవరింటి సంగతైనా నా నోటే విన్నారు వాళ్ళు. ఇక నా సంగతి ఆవిడ నోట వింటారు.

విననివ్వండి. ఏం చేస్తాం? పరువు పోతే పోయింది. కానీ మేడం గారూ, ఆవిడకి ఒక్క సంగతీ సరిగ్గా చెప్పడం రాదు. సగం మింగేస్తుంది, నవ్వాల్సిన చోటు రాకముందే తనే నవ్వేస్తుంది. ఇంత మంచి సంగతి ఆ నోట్లో పడి పాడైపోతుందే అని, అదొక్కటే నా బాధ.