పలుపు పక్కన బ్యాటరీ వైరు

"తాతా, పలుపులు తగిలించే కొయ్యకి ఆ వైరు ముక్కేంది? షెడ్డులో కారేమో లేదు. నేను లేనప్పుడు చూసి దాన్ని కూడా సంతకి తోలావా?"

తోలానే, తోలా. నువ్వు గుంటూరులో చదువుకుంటంటే నీకెవరు చెబుతారు? కూచో. ఆ మంచం మీద కాదు, నులక తెగింది, అరుగు మీద కూచో. ఫోన్లో రికార్డు చేస్తన్నావా? చేసుకో. మాట కంటే నా ఆయాసమే ఎక్కువ వినపడుద్ది.

ఆ కారు సంగతి నీకు తెలిసిందేగా. మా నాయన ఎద్దుల్ని అమ్మి... నాయన కాదులే, నేనే అమ్మా, ఆయన అప్పటికే మంచంలో ఉన్నాడు. అమ్మి ఆ అంబాసిడరు కొన్నా, బాడుగలకి తిప్పుదామని. ఎద్దుల పాకే దానికి షెడ్డయింది. అప్పటికే అది పాతదేలే. మాచవరం నుంచి నరసరావుపేట ఆస్పత్రికన్నా, మాచర్ల రైలుకన్నా, పెళ్లికన్నా అదే. డీజిలు చవక, మనుషులు బక్క, ఒకళ్ల ఒళ్లో ఒకళ్లు కూచునేవాళ్లు. మీ నాన్న దానిలోనే పుట్టాల్సినోడు. కొంచెం గట్టిగా తొక్కా కాబట్టి ఆస్పత్రిలో పుట్టాడు.

ఇప్పుడు ఆయనగారికి ఆ షెడ్డు కావాలంట, మిరపకాయల గోతాలు, ఆ టిక్కీలు తడుస్తన్నయ్యని. తడిసే మాట నిజమే. కాదంటానికి నాకూ ఓపిక లేదమ్మాయ్. సరే, అమ్మెయ్యరా అన్నా. చిలకలూరిపేట నుంచి పాత బండ్లు కొనే ఆయన వచ్చి చూశాడు. తాళం తిప్పితే టక్‌మంది, అంతే. "మళ్లీ వారం వస్తా పెద్దాయనా. లెగిస్తే నడుపుకుంటా పోతా, లెగవకపోతే తాడేసి లాక్కపోతా" అన్నాడు. మంచోడే, ఉన్న మాటే చెప్పాడు.

నాకు మాత్రం ఆ తాడు మాట దగ్గర అన్నం సయించలా. మన వీధిలో తాడేసి ఈడ్చేది దేన్నే? చచ్చిన గొడ్డుని. ఇంతమందిని మోసిన దాన్ని అట్టా ఈడ్చుకుపోతంటే అరుగు మీద కూచుని చూడాల్నా? పోతే పోయింది, తన కాళ్ల మీద తాను పోవాల.

మీ నాన్న కొత్త బ్యాటరీ తెచ్చాడు, మళ్లీ టక్కే. "నాన్నా, ఇంక దీని పని అయిపోయింది" అన్నాడు. నేను బ్యాటరీ నుంచి ఇంజన్ని తిప్పే మోటారుకి పోయే వైరు పట్టుకు చూశా, కాలతంది. సాగర్ కాలవ నిండుగా పారతన్నా చివరి పొలానికి చుక్క రాదు చూడు, అదీ అంతే. బలం బ్యాటరీలో ఉంది, దారిలో ఇంకిపోతంది. వైరు పైతోలు ఒలిస్తే లోపల రాగంతా పచ్చగా చిలుం.

నరసరావుపేట పోతే ఈ బండికి చేసి పెట్టిన వైరు ఇప్పుడు రావట్లేదన్నారు. బ్యాటరీకి బిగించే టెర్మినళ్లూ, వైరు చివరలకి తొడిగే లగ్గులూ దొరికినై. వెల్డింగు షాపులో లావు రాగి కేబులు కొనుక్కుని, చుట్ట చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కా. ఇంటికొచ్చి పాత వైరు పక్కన కొత్తది పరిచి, సరిగ్గా అంతకి కోశా. చివరలు ఒలిచి, పోగులు మెలేసి లగ్గులో దూర్చి, సుత్తితో కొట్టి, పైన తగరం కరిగించి పోశా. చేతులు వణుకుతన్నయ్యని మీ నాయనమ్మే వంటింట్లో పట్టకారుతో వైరు పట్టుకుంది. ఊరికే పట్టుకుందా? "నా కాళ్లపట్టీ తెగి ఏళ్లయింది, దానికి అతుకెయ్యటానికి తీరిక లేదు. ఈమెకి మాత్రం కూచోబెట్టి చేస్తన్నాడు" అంటా పట్టుకుంది.

బిగించి తాళం తిప్పా. ఇంజను ఒక్క ఊపు ఊగింది. ఆ ఊపుకి వైరు లాగి, టెర్మినలు ఊడి అవతల పడింది.

"కొలిచి మరీ పొట్టిగా కోశావన్నమాట."

నవ్వవే, నవ్వు. మీ నాయనమ్మా నవ్వింది. ఏం జరిగిందంటే, ఆ పాతది మొదట్లో అంత పొట్టిది కాదు. చివర చిలుం పట్టినప్పుడల్లా ఆ కాస్త కోసేసి, మళ్లీ లగ్గు కొట్టి తగిలించేవాణ్ణి. కొత్తది ఎందుకులే, ఈ బాడుగకి గడిస్తే చాల్లే అని. అట్టా కోసీ కోసీ అది బిగదీసుకుపోయింది. నేను పోయి దాన్నే కొలతకి పెట్టుకున్నా. గొడ్డుని కట్టేటప్పుడు పలుపు ఎంత వదలాల? అది పడుకుని నెమరేసుకునేంత. చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతేగా, కారు దగ్గరకొచ్చేసరికి మర్చిపోయా.

ఆ పూటకి ఇంక నా వల్ల కాలా, నడుం వాల్చా. తెల్లారి లేచి ఆ పొట్టిదాన్ని బాడీకి పోయే నల్ల వైరు కింద వాడా, ఆడ దూరం తక్కువ. మిగతా కేబులుతో ఇంకోటి చేశా, వదులుగా. టెర్మినళ్లు మళ్లీ చిలుం పట్టకుండా పైన పూయాలంటే గ్రీజు లేదు. మీ నాయనమ్మ మడమల పగుళ్లకి రాసుకునే వాసెలిన్ డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. అదే పూశా.

ఆ బండ్లు కొనే ఆయన వచ్చాడు, చేతిలో తాడుంది. నేను తాళం తిప్పా. ఒకసారి మూలిగింది, రెండోసారికి లెగిసింది. ఆ నల్లపొగకి కోళ్లన్నీ గోడెక్కినై. ఆయన తాడు చుట్టి వెనక సీట్లో పడేశాడు. కూచోబోతా, "ఆ పాత వైరు కూడా ఇయ్యి పెద్దాయనా, రాగి గదా" అన్నాడు. "గొడ్డునమ్మితే పలుపు ఇస్తారా అయ్యా?" అన్నా. ఆయనదీ రైతు కుటుంబమేనంట. తలుపేసుకుని గేరేశాడు. మలుపు తిరిగేదాకా సద్దు వినపడింది. నేను లోపలికొచ్చి దీన్ని కొయ్యకి తగిలించా.

"పాకలో ఎద్దులూ లేవు, కారూ లేదు. మరి పలుపులెవరికి తాతా? నాకా?"

నిన్ను కట్టే పలుపు ఇంకా ఎవడూ పేనలేదులే. పలుపు ఇంట్లో ఉంటే పాక ఉత్తది కాదంటారే, అందుకు. ఆ టిక్కీలు కాస్త జరిపి నీ స్కూటీ అక్కడ పెట్టుకో, ఎండకి సీటు పగులుతంది. నువ్వు తాళం తిప్పినప్పుడల్లా నీ బండి లెగాల తల్లీ, ఒక్కనాడూ తాడు మొహం చూడకూడదు. చల్లంగా ఉండు... ఇంక ఆ ఫోను కట్టెయ్. నాయనమ్మని కాసిని మంచినీళ్లు... వద్దులే, దాన్ని లేపమాక, పడుకోనీ...