పేర్లు చూపని తెర

1991 జూలై 8వ తేదీన మా పాఠశాలలో సామాన్యశాస్త్ర ఉపాధ్యాయినిగా అడుగుపెట్టి, నేడు పదవీ విరమణ చేస్తున్న మా సీనియర్ మేడమ్ గారిని అభినందించే భాగ్యం, ఇన్నేళ్ళూ పక్క గదిలో భాషాపాఠాలు చెప్పిన నాకు దక్కింది.

ప్రయోగశాల బాధ్యురాలిగా, పిమ్మట శాస్త్ర విభాగాధిపతిగా వారి సేవ బహుముఖమైనది. అయినా వారిని నిరంతరం వేధించిన చింత ఒక్కటే. "అర్థమైందా?" అంటే తరగతి యావత్తూ "అయిందండీ" అని రాగం తీస్తుంది, పరీక్షలో మాత్రం సగంమంది తెల్లమొహం వేస్తారు. అందుకే ఆరేళ్ళ క్రితం ఇంటరాక్టివ్ బోర్డూ, ప్రతి విద్యార్థికీ ఒక మీటల పరికరమూ ప్రయోగాత్మకంగా వచ్చినప్పుడు, మేమంతా "గోడకెక్కిన సినిమా" అని ఎగతాళి చేస్తుంటే, వారు ఆ పరికరాల పెట్టెను ఇంటికి మోసుకెళ్ళి మరీ నేర్చుకున్నారు. "నాకన్నా ఆ పెట్టెతోనే కబుర్లెక్కువ" అని వారి శ్రీవారు వాపోయేవారు. ప్రశ్న వేయగానే అందరూ జవాబు నొక్కాలి. ఏ జవాబుకు ఎంతమందో తెర మీద గీతలుగా లేస్తుంది. ఎవరేది నొక్కారో మేడమ్ గారికి తప్ప మరెవరికీ కనిపించదు. పేర్లు ఎన్నడూ బయటపెట్టనని పిల్లలకు మాటిచ్చారు.

ఆ మాటకు తనిఖీ రోజున అగ్నిపరీక్ష ఎదురైంది. పరికరాలు ఉంచాలో, వెనక్కి తీసుకోవాలో తేల్చే అధికారి వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నారు; హెడ్‌మాస్టరు గారూ, నేనూ ఆ పక్కనే నిలబడ్డాం. ముందే బట్టీ పట్టించిన ప్రశ్న అడగమని హెడ్‌మాస్టరు గారి ఆదేశం. మేడమ్ గారు కొత్త ప్రశ్న వేశారు: గ్లాసు నీళ్ళలో తేలే మంచుముక్క కరిగితే నీటిమట్టం పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా? అలాగే ఉంటుందన్నది సరైన జవాబు. తెర మీద "పెరుగుతుంది" గీత నిలువెత్తు లేచింది. హెడ్‌మాస్టరు గారి ముఖాన నెత్తురుచుక్క లేదు.

"ఇంతమంది తప్పా! ఎవరెవరో పేర్లు చూపించండి," అన్నారు అధికారి.

ఒక్క మీట నొక్కితే చాలు.

"చూపించలేనండి. మాటిచ్చాను," అన్నారు మేడమ్ గారు.

"కొంప ముంచకండి మేడమ్, చూపించెయ్యండి," హెడ్‌మాస్టరు గారు గొణిగారు.

"చూపిస్తే రేపట్నుంచి వీళ్ళు తమకు తోచింది నొక్కరు సార్, పక్కవాళ్ళు నొక్కింది నొక్కుతారు. ఇక ఇవి ఉన్నా ఒకటే, పోయినా ఒకటే."

మేడమ్ గారు మిగులు పరికరం ఒకటి తీసి అధికారి చేతిలో పెట్టారు. "పక్కవాళ్ళతో వాదించుకోండర్రా, మళ్ళీ నొక్కుదాం. మీరూ నొక్కండి సార్."

పిల్లలు మొదట గుసగుసగా, తర్వాత బల్లలు గుద్ది మరీ వాదించుకున్నారు. రెండోసారి సరైన జవాబు గీత పైకి పాకింది. "పెరుగుతుంది" దగ్గర ఇంకా కొందరు మిగిలే ఉన్నారు.

వరండాలో అధికారి మేడమ్ గారిని ఆపి గొంతు తగ్గించారు. వెనకే వస్తున్న నా చెవిన పడింది.

"నేను నొక్కింది మీకు కనిపించిందా?"

"కనిపించిందండి."

"హెడ్‌మాస్టరు గారికి చెబుతారా?"

"పేర్లు చెప్పనని ఇందాకే మనవి చేశాను కదా సార్."

ఆ సాయంత్రమే ఆయన పరికరాలు ఇక్కడే ఉండాలని ఉత్తర్వు రాసి వెళ్ళారు.

తప్పు చెప్పినా పరువు పోని గది ఒకటి మా పిల్లలకు దొరికిందంటే అది వారి చలవే. వారు వెళ్ళిపోతున్నారంటే నా మనసు కలుక్కుమంటోంది, దాచుకోను. మేడమ్, మీ తర్వాత ఆ గదిలోకి వచ్చేవారెవరైనా సరే, పేర్లు చూపించే ఆ మీట మీద వేలు పెట్టాలంటే ముందు నన్ను దాటుకుని వెళ్ళాలి. ఆ బెంగ మీరు పెట్టుకోకండి. మీరు చల్లగా ఉండాలి. మా ఆయుష్షు కూడా పోసుకుని, మీవాళ్ళ మధ్య హాయిగా బతకాలి.