భుజం మీద మిగిల్చిన మురికి

ఈ సాయంత్రం సభను నడిపిస్తున్న జితేందర్ గారికి, ముందు వరసలో మనుమల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఇంతసేపూ ఓపిక పట్టిన పెద్దలకు, తెలుగు ఒక్క ముక్క రాకపోయినా మీరంతా నవ్వినప్పుడల్లా తానూ నవ్వుతున్న మా మ్యూజియం డైరెక్టర్ మార్గరెట్ గారికి, ఇన్నాళ్లూ నా పక్కన పని నేర్చుకుని సోమవారం నుంచి నా కుర్చీలో కూర్చోబోయే అదితికి, అమెరికాలో మన ఈ ట్రాయ్ ఊళ్లోని తెలుగు స్నేహితులందరికీ నమస్కారం. శాలువా కప్పుతూ జితేందర్ నా చెవిలో ఒక మాట అన్నాడు. మైకులో వినపడలేదు కాబట్టి నేనే చెబుతాను. "ఆంటీ, తెలుగులనే మాట్లాడుండ్రి. ఇంగ్లీష్‌ల అయితే మీరు నాలుగు థాంక్యూలు చెప్పి దిగిపోతరు" అన్నాడు. నన్ను బాగానే ఎరుగును. (నవ్వులు)

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్లంతా లక్ష్మీకాంతం గారు గొప్ప చిత్రకారిణి అన్నారు. మర్యాదకి ఊరుకున్నాను గానీ నేను జన్మలో ఒక్క బొమ్మ వెయ్యలేదు. డ్రాయింగ్ నేర్పమని మీ పిల్లల్ని మా ఇంట్లో దింపి వెళ్లినప్పుడు కూడా ఈ మాటే చెప్పాను, ఎవరూ నమ్మలేదు. నా పని ఎప్పుడో ఎవరో వేసిన బొమ్మకి పట్టిన మురికి తీయడం, చిరిగితే అతకడం, రంగు రాలినచోట రాలినంత మేరకే పూయడం. అలా పూసింది కూడా నా తర్వాత వచ్చినవాళ్లు కావాలంటే తుడిచెయ్యగలిగేట్టు ఉండాలి. మా వారు అమర్‌నాథ్ గారు కొత్తవాళ్లకి నన్ను "పాత బొమ్మల డాక్టర్" అని పరిచయం చేసేవారు. అందులో డాక్టర్ అన్న ముక్క ఒక్కటే విని నాకు మోకాళ్ల నొప్పులు చెప్పుకున్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. పేరు చెప్పను. కోటేశ్వరరావు గారూ, మీరు తల దించుకోనక్కర్లేదు. (నవ్వులు)

నా చేతికి వచ్చిన ఆఖరి బొమ్మ సంగతి చెప్పి దిగిపోతాను. దాదాపు నాలుగు వందల ఏళ్ల కిందట యూరప్‌లో వేసిన తైలవర్ణ చిత్రం అది, మన గరాజ్ తలుపులో సగం ఉంటుంది, వేసినవాడి పేరు తెలియదు. బరోక్ అంటారు ఆ కాలపు పద్ధతిని. బొమ్మంతా చీకటి నింపి, ఒక పక్కనుంచి దీపం వెలుగు తెచ్చి మొహాల మీద పోస్తారు. అమర్ గారు అలాంటి బొమ్మ మొదటిసారి చూసినప్పుడు, "మన పెళ్లిళ్లలో వీడియోవాడి లైటు లాగుందే, ఎవరి మీద పడితే వాళ్లు కళ్లు చిట్లిస్తున్నారు" అన్నారు. ఈ బొమ్మ మా దగ్గరికి వచ్చేనాటికి ఆ కాస్త వెలుగూ లేదు. ఏ ఇంట్లో ఏ పొయ్యి ఎదురుగా వేలాడిందో, పొగ పట్టి మాడిన పెనంలా ఉండేది.

అందులో ఉన్నది గ్రీకు పురాణ కథ. దేవతల రాజు జూస్, కొడుకు హెర్మీస్‌ని వెంటబెట్టుకుని మామూలు బాటసారుల వేషంలో ఒక ఊరికి వస్తాడు. ఎవరూ తలుపు తియ్యరు. ఊరి చివర గుడిసెలో ఫిలేమోన్, బౌకిస్ అనే ముసలి దంపతులు మాత్రం లోపలికి పిలిచి, ఉన్నదేదో వండి పెడతారు. భోజనాల బల్లకి ఒక కాలు పొట్టి. ఆవిడ దాని కింద కుండపెంకు ముక్క పెట్టి సరిచేస్తుంది. మురికి తీస్తూ పోతుంటే ఆ పెంకు బయటపడింది, ఇంటికి తెచ్చిన ఫొటోలో దాన్ని నాకంటే ముందు చూసింది అమర్ గారే. కార్ల కంపెనీ ఇంజినీరు కదా, దేవుళ్లకంటే ముందు బల్ల కాళ్లు కనపడ్డాయి ఆయనకి. "కాంతం, మన డైనింగ్ టేబుల్ కూడా ఇంతే కదా" అన్నారు. నిజమే, మా టేబుల్ కాలు కింద ఇప్పటికీ పిజ్జా కూపన్లు మడిచిపెట్టి ఉంటాయి. వీసా స్టాంపు తడి ఆరకుండా దిగి, అపార్ట్‌మెంట్ దొరికేదాకా మా ఇంట్లో ఉండి, ఆ ఊగే టేబుల్ మీద పప్పు అన్నం తిన్నవాళ్లు చెయ్యెత్తండి అంటే సగం హాలు లేస్తుంది. అరె, నిజంగా ఎత్తక్కర్లేదయ్యా, దించండి. (నవ్వులు)

వచ్చినవాళ్లు ఎవరో చివరికి తెలుస్తుంది. ఏం వరం కావాలో కోరుకోమంటాడు జూస్. ఆ ముసలివాళ్లు డబ్బు అడగలేదు, మళ్లీ యవ్వనం అడగలేదు. "ఇద్దరినీ ఒకే ఘడియలో తీసుకుపో, ఆమె చితి నేను చూడకూడదు, నన్ను ఆమె సాగనంపకూడదు" అని అడిగారు. ఇచ్చాడు. ఆ ఘడియ వచ్చినప్పుడు ఎదురెదురుగా నిలబడి కబుర్లు చెప్పుకుంటూనే ఇద్దరూ పక్కపక్కన రెండు చెట్లైపోయారు.

ఒకరోజు అన్నాల దగ్గర ఈ కథ చెబితే అమర్ గారు ముద్ద చేతిలో పట్టుకుని, "ఇంతమందికి చారు పోశాం, ఒక్కడైనా జూస్ కాకపోయాడా? అందరూ జావా డెవలపర్లే తగిలారు మనకి" అన్నారు. (నవ్వులు) నేనూ ఇలాగే నవ్వాను. అప్పటికి ఇంకా ఆయన స్కాన్ రిపోర్ట్ రాలేదు.

ఇప్పుడు మా పనిలోని ఒక రహస్యం చెబుతాను, భోజనాల ముందు చెప్పకూడదు గానీ తప్పదు. ఇలాంటి పొగ మురికికి చాలాసార్లు అన్నిటికంటే బాగా పనిచేసే మందు ఉమ్మి. పుల్లకి దూది చుట్టి, నాలుక మీద తడి చేసుకుని, మెల్లగా దొర్లించాలి. దేవుళ్ల మొహాన ఎంగిలా అని మొదట్లో నాకు చెయ్యి ఆడలేదు. గ్రీకువాళ్లైతే మాత్రం, దేవుళ్లు దేవుళ్లే కదా. "చంటిపిల్లాడి మూతి కొంగు తడిచేసి తుడవరూ? వాడికి లేని ఎంగిలి వీళ్లకెందుకు" అని నన్ను ఒప్పించింది అమర్ గారే. అదితి వచ్చిన కొత్తలో "అయ్యో ఆంటీ, ఎంగిలి కదా, అమ్మకి తెలిస్తే నన్ను చంపేస్తది" అంటే, నేనూ ఆయన మాటే దానికి అప్పజెప్పాను.

ఇంకో పద్ధతి కూడా ఉంది. బొమ్మంతా శుభ్రమయ్యాక కూడా ఒకచోట తపాలా బిళ్లంత మురికి అలాగే ఉంచుతాం, ముందు ఎంత నల్లగా ఉండేదో పోల్చి చూసుకోవడానికి. ఫొటోలన్నీ తీసుకున్నాక, చిట్టచివర దాన్ని తుడుస్తాం. ఆ తుడిచే రోజుకి అమర్ గారు తప్పకుండా వచ్చేవారు. మంచు పడనీ, మీటింగ్ ఉండనీ, లంచ్ టైమ్‌లో డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, నా స్టూలు వెనక కిటికీ పక్కన నిలబడేవారు. నా చెయ్యి ఆగాక "బావుంది, చాలా బావుంది" అని, కారులో శాండ్‌విచ్ తింటూ ఆఫీస్‌కి వెళ్లిపోయేవారు. మా కాపురంలో పండగలాంటిది అది. ఈ బొమ్మలో ఆ మురికి ముక్కని ముసలాయన భుజం మీద ఉంచాను. ఆలోగా అమర్ గారికి ట్రీట్‌మెంట్ మొదలైంది. "నేను లేచి తిరిగేదాకా తుడవకు, వచ్చి చూస్తాను" అన్నారు. సరే అన్నాను. నల్లగా అది అలాగే ఉండిపోయింది. పోయిన చలికాలంలో ఆయన వెళ్లిపోయారు.

నీళ్లు వద్దమ్మా, బాగానే ఉన్నాను.

మార్గరెట్ గారు ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు, అది ఆవిడ సంస్కారం. కానీ వచ్చేనెల బొమ్మ గోడకెక్కాలి, ఈలోపే నేను ఉద్యోగం దిగిపోవాలి. ఎన్నోసార్లు ఆ స్టూలు మీద కూర్చున్నాను. దూది నాలుక మీద పెట్టుకుంటే తడి అయ్యేది కాదు, నోరు అంతలా ఎండిపోయేది. ఆ ముక్క కాస్తా తుడిచేస్తే ఆయన కోసం ఎదురుచూడ్డం కూడా అయిపోతుందని నాకు భయం. అదే అసలు సంగతి, మీ దగ్గర దాచడం దేనికి?

మొన్న శుక్రవారం అదితి నా పక్కకి వచ్చి నిలబడింది. ఈ పిల్ల అమెరికాలో పుట్టింది, తెలుగు తడుముకుంటూ మాట్లాడుతుంది, కానీ మనసు తడుముకోదు. "ఆంటీ, అంకుల్ నిలబడే ప్లేస్‌లో నేను నిలబడనా? అప్పుడు మీరు చెయ్యగలరా?" అంది. నేను లేచి, నా స్టూలు దానికిచ్చాను. పుల్ల దాని చేతిలో పెట్టాను. ఎంగిలి అంటే జడిసిన పిల్ల, దూది నాలుక మీద తడి చేసుకుని పనిలో పడింది. నేను వెళ్లి ఆ కిటికీ పక్కన, అమర్ గారు నిలబడేచోట నిలబడ్డాను. ఇన్నేళ్లలో నేను అక్కడ నిలబడడం అదే మొదటిసారి.

అక్కడినుంచి బొమ్మ కనపడదండీ.

పనిచేసేవాళ్ల వీపు అడ్డం వస్తుంది. ముసలాయన భుజం కాదు కదా, దేవుళ్లు కూడా కనపడలేదు నాకు. కనపడిందల్లా కిటికీ వెలుగులో అదితి మెడ, వంచిన తల, జారిపోతున్న క్లిప్పు. అంత దూరం డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, తిండి కారులో తిని, ఈ మనిషి ఇన్నేళ్లూ ఏం చూసి బావుంది, చాలా బావుంది అన్నాడో నాకు అప్పుడు తెలిసింది. బొమ్మని మెచ్చుకుంటున్నారనుకుని ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు నేను. అదితి చెయ్యి ఆగింది. "అయిపోయింది ఆంటీ, ఎలా ఉంది?" అంది. నాకేమీ కనపడకుండానే, బావుంది తల్లీ, చాలా బావుంది అన్నాను.

ఆ తర్వాత దగ్గరికి వెళ్లి చూశాను. మురికి కింద దాగిన వింత ఏమీ లేదు, ముతక చొక్కా వేసుకున్న ముసలాయన భుజం, అంతే. దాని మీద దీపం వెలుగు పడుతోంది. పక్కనే ఆవిడ ఉంది. వాళ్లకి వరం దొరికింది. మాకు దొరకలేదు. అందుకు నాకు కోపంగానే ఉంది, ఎవరి మీదో తెలియదు, ఇల్లంతా చాలా ఖాళీగా ఉంది.

మార్గరెట్ గారికి, అదితికి, ఈ సభ పెట్టి నన్ను ఇంత మాట్లాడనిచ్చిన జితేందర్‌కి, అమర్ గారి చివరి రోజుల్లో వంతులేసుకుని హాస్పిటల్‌కి డ్రైవ్ చేసిన మీ అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. శాలువా బావుంది, కానీ ఇది బీరువాలో పడి ఉండేదే. మీరు మాత్రం ఇంటికి రండి. టేబుల్ అదే, ఇంకా ఊగుతోంది. నాకు ఇద్దరికి వండడం తప్ప ఒక్కదానికి వండుకోవడం ఇంకా చేతకావడం లేదు. వరాలేమీ తేవద్దు, ఆకలితో రండి చాలు. సెలవు.