తూటాల మాన్యువల్ ఎట్ల కొన్ననంటే

ఇర్వింగ్‌లో ఇండియన్ గ్రోసరీ పక్కనున్న చాయ్ దుకాణం బయట, శనివారం మధ్యాహ్నం, సృజన్ ఒక సలహా అడిగాడు. ఈ మధ్య అతను తుపాకీ పేల్చే షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నాడు. పేల్చేసిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాల్లో ఇంట్లోనే మళ్ళీ తుపాకీ మందు నింపుకుందామని మెషీన్ కూడా కొన్నాడు. ఏ తూటాకి ఎంత మందు పోయాలో చెప్పే మాన్యువల్స్ మాత్రం షాపులో బోలెడున్నాయి. ఏది కొనాలో తేలలేదు. లెక్క తప్పితే తుపాకీ చేతిలోనే పేలొచ్చని షాపువాడు ముందే చెప్పాడు.

ఎదురుగా కూర్చున్న కొండల్ రావు చాయ్ కప్పు కింద పెట్టాడు.

"మంచిగ అడిగినవ్ తమ్మీ, ఇంకెవర్నీ అడగకు. ఫోర్ట్ వర్త్ దాటినంక ఓ చిన్న ఊర్ల ఓ ముసలాయన దుకాణం ఉంటుండె. పోయిన, ఒక మాన్యువల్ కావాలన్న, గంతే. ఆయన నన్ను కింది నుంచి మీది దాకా చూసి వెనక రూం తలుపు తీసిండు. ఏం చెప్పాలె, నేల నుంచి కప్పు దాకా మాన్యువల్సే, మందు చేసే కంపెనీలవి, గుండ్లు చేసే కంపెనీలవి, వాళ్ళ తాత కాలం నాటివి, గుళ్ళెకు పోయినట్టు చెప్పులు ఇడవబుద్ధయింది నాకు."

"అన్నీ చూశారా అన్నా?"

"చూసుడేంది, నిలబడే చదివిన. ఆయన దుకాణం మూసే టైముకు నేను ఆఖరి పుస్తకం మూసిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూపెట్టిన. అదే గుండు, అదే మందు, ఒకదాంట్ల లెక్క ఎక్కువుంది, ఇంకోదాంట్ల తక్కువుంది. ముసలాయన టోపీ తీసి గుండెకాడ పెట్టుకున్నడు."

"మరి ఏది నమ్మాలి?"

"అందుకే ఒక్క పుస్తకాన్నే నమ్మొద్దంటున్న. రెండు పెట్టుకో, కొత్త ఎడిషన్లే కొను, తక్కువున్న కాడ మొదలుపెట్టు."

సృజన్ బుద్ధిగా తలూపాడు. పక్క టేబుల్ దగ్గరి స్టూడెంట్లు కుర్చీలు ఇటు తిప్పుకున్నారు. కొండల్ రావు గొంతు పెరిగింది.

"ముసలాయన ఊకుంటడా, కంపెనీకి ఫోన్ కొట్టిండు. తెల్లారి ఆ ఎక్కువ లెక్క పుస్తకం రాసినాయనే ఫ్లైట్ ఎక్కి వచ్చిండు, రెండు చేతులతోని నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చిండు. దేశంల ఉన్న కాపీలన్నీ లారీలల్ల వాపస్ తెప్పించి మళ్ళీ అచ్చేసిండ్రు. నా పేరు వేస్తమన్నరు. నేనే వద్దన్న, గ్రీన్ కార్డ్ ఫైల్ నడుస్తున్నది, ఎందుకు లేనిపోనిది."

"ఆ లెక్కతో తూటాలు చేశారా?"

"మూడే చేసిన. మొదటిది కొడితే టార్గెట్‌లకెళ్ళి పోయింది, వెనక మట్టికట్టలకెళ్ళి పోయింది, హైవే మీద కార్ల నడుమకెళ్ళి ఒక్క అద్దం పగలకుండ పోయి, రెడ్ రివర్ దాటి, ఓక్లహోమాల ఓ పశువుల రాంచ్ నీళ్ళ ట్యాంకుకు తగిలింది. ఎండాకాలం, నల్లా చెడిపోయి ఆవులు నాలుకలు బయటపెట్టి నిలబడ్డయట. బొక్కలకెళ్ళి ధార కట్టింది, అన్నీ తాగినయి. రెండోది సుత అదే బొక్కలకెళ్ళి పోయింది, బొక్క ఇంతన్న పెద్దగ కాలె. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆవులకు కడుపు నిండంగనే మూడోది కొట్టిన. పోయి బిరడా లెక్క బిగుసుకున్నది. ఇయ్యాల్టికీ ఆ ట్యాంకు కారుతలేదు."

"వాటికి కడుపు నిండిందని ఇక్కడి నుంచి ఎలా తెలిసింది?" అని స్టూడెంట్లలో ఒకమ్మాయి మెల్లగా అడిగింది.

"అది చేతికి తెలుస్తదమ్మా."

సృజన్ చాయ్ మీద మీగడ కట్టింది. "అన్నా," అన్నాడు, గొంతు తగ్గించి, "మీరు కొన్న ఆ పుస్తకం ఒక్కసారి చూడొచ్చా?"

సరుకుల సంచులతో అప్పుడే వచ్చిన కొండల్ రావు భార్య రాధారాణి ఆ మాట విన్నది. "కార్‌లోనే ఉంది," అని డిక్కీలో సంచులు పెట్టి, లావుపాటి పుస్తకం తెచ్చి సృజన్ ముందు పెట్టింది. షాపులో వేసిన ప్లాస్టిక్ కవరు సీలు ఊడకుండా అట్లాగే ఉంది.

"ఇది స్పేర్ కాపీ," అన్నాడు కొండల్ రావు. "నేను చదివింది ఇంట్ల ఉన్నది."

"ఇంట్లోది మీ మానిటర్ కింద ఎత్తు కోసం పెట్టుకున్నారు," అంది రాధారాణి కుర్చీ లాక్కుంటూ. "దానికీ ప్లాస్టిక్ తియ్యలేదు."

కొండల్ రావు ఖాళీ కప్పు ఎత్తి తాగాడు.

సృజన్ గోటితో ఆ సీలు చింపి, కుర్చీ ఆయన పక్కకి జరుపుకున్నాడు. "ఇది పూర్తయ్యేదాకా నేను మెషీన్ ముట్టుకోను," అన్నాడు. "రండన్నా, మొదటి పేజీ నుంచి ఇద్దరం చదువుదాం."